కీచుమనే పవర్ స్టీరింగ్ బెల్ట్: బిగించే ముందు చూడాల్సినవి

పాత పికప్పును పార్కింగులోంచి వెనక్కి తీస్తూ స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పగానే బానెట్ కింద కీచుమని అరుపు. చెన్నైలో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మొదట వచ్చే మాట ఒకటే: "బెల్ట్ లూజైంది, టైట్ చేస్తే పోతుంది." చేస్తారు, పోతుంది కూడా. కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది. ఇంకాస్త బిగిస్తారు. కొన్నాళ్లకు ఆ బెల్ట్ తిప్పే పవర్ స్టీరింగ్ పంపుకు (స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఒత్తిడితో నూనె నెట్టేది) ముందు వైపు సీలు కారడం మొదలై, పంపే మార్చాలనే దాకా వస్తుంది. నిజానికి పంపులో ఏ లోపమూ లేదు. కారణం చూడకుండా బిగిస్తూ పోవడమే దాన్ని పాడుచేసింది.

బెల్ట్ అరుస్తోందంటే పుల్లీ మీద జారుతోందని అర్థం. జారడానికి మూడు కారణాలుంటాయి: బెల్ట్ లాగాల్సిన భారం పెరిగి ఉండాలి, పుల్లీ మీద పట్టు తగ్గి ఉండాలి, లేదా బిగువు తగ్గి ఉండాలి. బిగించడం మూడోదానికి మాత్రమే మందు. మొదటి రెండింటిలో ఏదైనా ఉంటే అరుపు కొన్నాళ్లు అణుగుతుంది గానీ, అదనపు బిగువంతా పంపు బేరింగ్ మీద పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా వీ-బెల్ట్‌తో (పుల్లీ గాడిలో దిగే, అడ్డంగా కోస్తే వీ ఆకారం కనిపించే బెల్ట్‌తో) పంపు తిరిగే బండ్ల గురించి. షెవ్రోలే సీ10, ఫోర్డ్ ఎఫ్-100 లాంటి అమెరికన్ పికప్పులు, తర్వాత పవర్ స్టీరింగ్ పెట్టించుకున్న పాత టాటా, మహీంద్రా పికప్పులు ఈ కోవలోకి వస్తాయి. కొన్ని డీజిల్ ఇంజిన్లలో పంపు బెల్ట్‌తో కాకుండా గేర్‌తో తిరుగుతుంది. అలాంటి బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు ఏ చప్పుడొచ్చినా దానికి బెల్ట్ కారణం కాదు. కాబట్టి ముందు పంపు దగ్గర పుల్లీ ఉందో లేదో చూడండి.

పంపు ఎంత లాగుతుంది

బండి నేరుగా పోతున్నప్పుడు పంపు దాదాపు ఖాళీగానే తిరుగుతుంది. నూనె స్టీరింగ్ బాక్సు గుండా వెళ్లి తిరిగి డబ్బాలోకి వస్తుంది, ఒత్తిడి కొద్ది బార్లకు మించదు. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటే నూనెకు పోయే దారి ఉండదు. ఒత్తిడి ఎక్కుతూ పోయి, హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వ్ తెరుచుకునే దాకా పెరుగుతుంది. పాత పికప్పు పంపుల్లో అది సాధారణంగా 70 నుంచి 100 బార్ మధ్య ఉంటుంది.

ఒక చుట్టుకు 10 సీసీ నూనె నెట్టే పంపును లెక్కకు తీసుకుందాం. 80 బార్ దగ్గర దాన్ని తిప్పడానికి సుమారు 13 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, లోపలి రాపిడి కలుపుకుంటే 15 అనుకోవచ్చు. పుల్లీ వ్యాసం 130 మి.మీ. అయితే బెల్ట్ దాదాపు 23 కిలోల బలంతో లాగాలి. నేరుగా పోతున్నప్పుడు ఇది రెండు మూడు కిలోలు దాటదు. అంటే ఒక్క క్షణంలో భారం ఏడెనిమిది రెట్లు అవుతుంది. పైగా ఇది ఐడిల్‌లో, అంటే ఎక్సలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు జరుగుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నున్నగా తిరగదు, ప్రతి సిలిండర్ పేలినప్పుడల్లా చిన్న కుదుపు ఇస్తుంది. అందుకే బెల్ట్ అరవడం ఎప్పుడూ పార్కింగులోనే, యూటర్న్ దగ్గరే.

భారం పెరగడానికి పంపుతో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. వీటిని చాలామంది చూడరు. ముందు టైర్లలో 35 పౌండ్లు ఉండాల్సిన చోట 25 ఉంటే స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లకు, అంటే కింగ్‌పిన్లకు, బాల్ జాయింట్లకు గ్రీజు పెట్టి ఏళ్లయితే ఇంకా బరువు. అందం కోసం వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే డిస్కులు వేయిస్తే ఆ బరువు ఎప్పటికీ తగ్గదు. గాలి సరిచూసి, గ్రీజు గన్‌తో ముందు ఇరుసు నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టిన తర్వాతే బానెట్ ఎత్తడం మంచిది. ఖర్చు దాదాపు లేని పని ఇది, కొన్ని బండ్లలో అరుపు ఇక్కడే ఆగిపోతుంది.

ఏ అరుపు ఎక్కడిది

స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే వచ్చే సాగదీసిన కీచు శబ్దం బెల్ట్ జారుడు. స్టీరింగ్ ముట్టుకోకపోయినా ఇంజిన్ వేగంతో పాటు కిచ్ కిచ్ మని లెక్కగా వచ్చే శబ్దం పుల్లీల లైను తప్పడం వల్ల, అంటే అవి ఒకే వరసలో లేకపోవడం వల్ల వస్తుంది. గుయ్యిమని మూలిగినట్టు వచ్చి, ఎక్సలరేటర్ నొక్కితే స్వరం పెరిగేది పంపులోకి గాలి చేరిందని చెబుతుంది, బెల్ట్‌తో దానికి సంబంధం లేదు. గరగర అయితే బేరింగ్. పొద్దున స్టార్ట్ చేయగానే నిమిషంపాటు అరిచి, స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా తేడా లేకుండా ఉండేది తరచుగా ఆల్టర్నేటర్ బెల్ట్. బ్యాటరీ రాత్రంతా దిగిపోయి ఉంటే స్టార్ట్ కాగానే ఆల్టర్నేటర్ పెద్ద కరెంటు ఇవ్వాలి, ఆ భారానికి బెల్ట్ జారుతుంది. హెడ్‌లైట్లు వేసి చూడండి. అరుపు పెరిగితే పవర్ స్టీరింగ్ బెల్ట్ జోలికి వెళ్లక్కర్లేదు.

తేల్చుకోలేకపోతే నీళ్ల పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్ప్రే సీసాతో బెల్ట్ లోపలి వైపు మామూలు నీళ్లు కొద్దిగా చల్లండి. అరుపు పెరిగితే బిగువు తక్కువ. అరుపు ఆగి, నీళ్లు ఆరాక మళ్లీ వస్తే లైను తప్పింది. నీళ్లకు బదులు డబ్ల్యూడీ-40 చల్లకండి. అది నూనె రకం ద్రవం, ఆ తర్వాత ఏ పరీక్షకూ అర్థం ఉండదు. తిరుగుతున్న ఫ్యాను దగ్గర పంచె, కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా ఏదీ ఉండకూడదు.

ఇంకో కచ్చితమైన పద్ధతి: ఆ బెల్ట్ పవర్ స్టీరింగ్ పంపును మాత్రమే తిప్పుతుంటే దాన్ని పూర్తిగా తీసేసి, అర నిమిషం ఇంజిన్ నడిపి వినండి. అరుపు ఇంకా ఉంటే తప్పు వేరే చోట ఉంది. అదే బెల్ట్ వాటర్ పంపును కూడా తిప్పుతుంటే మాత్రం ఆ అర నిమిషం దాటనివ్వకండి.

పట్టు పోవడం

పాత పికప్పుల్లో అసలు జబ్బు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. వీ-బెల్ట్ బలమంతా దాని రెండు పక్కల్లో ఉంది. గాడి కోణం సుమారు 36 డిగ్రీలు కావడంతో బెల్ట్ లోపలికి దిగి రెండు గోడల మధ్య ఇరుక్కుంటుంది, దానివల్ల అదే బిగువుకు చదును బెల్ట్ కంటే దాదాపు మూడింతలు పట్టు దొరుకుతుంది. 1917లో అమెరికాలో గేట్స్ రబ్బర్ కంపెనీ ఈ ఆకారాన్ని మార్కెట్లోకి తెచ్చాక తాడు, తోలు పట్టీలు వెనకబడిపోవడానికి ఇదే కారణం. అయితే బెల్ట్ గాడి అడుగును తాకకుండా పక్కల మీదే ఆనినంతవరకే ఈ లాభం. అడుగు తాకిందా, ఎంత బిగించినా ఆ మూడింతల పట్టు రాదు.

చూడటం సులభం. బెల్ట్ పైభాగం పుల్లీ అంచుతో సమానంగా, లేదా ఒక మిల్లీమీటరు పైకి ఉండాలి. అంచుకంటే లోపలికి దిగిపోయి, గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్ట్ అడుగున తిరుగుతోంది. దీనికి రెండు కారణాలు: 13 మి.మీ. గాడిలో 10 మి.మీ. బెల్ట్ వేసి ఉండటం, లేదా పుల్లీ గోడలే ఏళ్ల తరబడి అరిగి లోపలికి గుంటపడటం. వేలితో గాడి గోడను తడిమితే గుంట తెలుస్తుంది. అరిగిన పుల్లీలో కొత్త బెల్ట్ వేస్తే అది కూడా కొన్ని వారాల్లో అలాగే అరుస్తుంది. బెల్ట్ మీద ఖర్చు పెట్టేముందు పుల్లీ మార్చండి.

రెండో శత్రువు నున్నదనం. జారిన ప్రతిసారీ రబ్బరు వేడెక్కి పక్కలు గట్టిపడి నిగనిగలాడతాయి. ఆ బెల్ట్‌ను గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ గట్టిపడిన రబ్బరు మెత్తబడదు. దాని పని అయిపోయినట్టే. సబ్బు ముక్క రుద్దడం, పౌడర్ చల్లడం, బెల్ట్ డ్రెస్సింగ్ స్ప్రే కొట్టడం ఊళ్లో అందరికీ తెలిసిన చిట్కాలు. సబ్బు, పౌడర్ శబ్దాన్ని ఆపుతాయి, పట్టును ఇంకా తగ్గిస్తాయి. జిగురు స్ప్రే పట్టు ఇస్తుంది, దుమ్మును కూడా పట్టుకుంటుంది. చెన్నై రోడ్ల దుమ్ముతో కలిసి ఆ జిగురు పుల్లీకి గరుకు కాగితంలా పనిచేస్తుంది.

మూడోది నూనె. పంపు ముందు సీలు నుంచో, డబ్బా గొట్టం క్లిప్ దగ్గర నుంచో చుక్క కారి పుల్లీ మీద పడితే, తిరుగుడుకు అది బెల్ట్ మొత్తానికీ చిమ్ముతుంది. నూనె పీల్చిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కడిగినా తిరిగి రాదు. మొదట్లో చెప్పిన చక్రం ఇక్కడ పూర్తవుతుంది: అతిగా బిగిస్తే పంపు ముందు బుష్ అరుగుతుంది, షాఫ్టు ఊగి సీలును కోస్తుంది, నూనె బెల్ట్ మీద పడుతుంది, బెల్ట్ జారుతుంది, మళ్లీ బిగిస్తారు.

చెన్నైకి ప్రత్యేకమైనది తుప్పు. వారానికోసారి కూడా బయటికి తీయని పాత బండి బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి తీరం దగ్గర నిలిచి ఉంటే ఉప్పుగాలికి పుల్లీ గాడుల్లో సన్న తుప్పు పడుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో అది బెల్ట్ పక్కలను గీరేస్తుంది. బెల్ట్ చుట్టూ నల్లటి పొడి కనబడితే ఇదే పని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నీళ్లు నిలిచిన రోడ్లలో నడిపితే బురద గాడుల్లో చేరి ఆరిపోతుంది. బెల్ట్ తీసిన ప్రతిసారీ 320 నంబరు గరుకు కాగితంతో గాడి గోడల్ని తేలిగ్గా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. పెట్రోలుతో తుడిస్తే సన్నటి జిడ్డు పొర మిగులుతుంది. పుల్లీకి రంగు వేయించారా? గాడి లోపల రంగు ఉండకూడదు.

లైను

పాత బండికి తర్వాత పవర్ స్టీరింగ్ పెట్టించినప్పుడు పంపు బ్రాకెట్‌ను లేత్ షాపులో చేయిస్తారు. అక్కడే లైను తప్పుతుంది. పొడవాటి స్టీలు స్కేలు, లేకపోతే గట్టిగా లాగిన దారం క్రాంక్ పుల్లీ (ఇంజిన్‌తో నేరుగా తిరిగే పుల్లీ) ముఖానికి ఆనించి పంపు పుల్లీ దాకా పట్టండి. దారం రెండు పుల్లీల అంచులకూ నాలుగు చోట్ల ఒకేలా తగలాలి. పుల్లీల అంచు మందాలు వేరుగా ఉంటే అంచుకు బదులు గాడి మధ్యలను పోల్చాలి. 300 మి.మీ. దూరానికి 1.5 మి.మీ. తేడా వరకు పర్వాలేదు. అంతకు మించితే బ్రాకెట్ కింద వాషర్లు వేసో తీసేసో సరిచేయాలి.

అమెరికన్ వీ8 ఇంజిన్లలో ఇంకొక చోట చూడాలి. క్రాంక్ ముందు ఉండి కుదుపు తగ్గించే బ్యాలెన్సర్‌లో లోపలి దిమ్మకు, బయటి ఇనుప రింగుకు మధ్య రబ్బరు పొర ఉంటుంది. ఏళ్లు గడిచాక రబ్బరు పగిలితే రింగు మెల్లగా ముందుకో వెనక్కో జరుగుతుంది. పుల్లీ ఆ రింగుకు బిగించి ఉంటే లైను కూడా దాంతోపాటే పోతుంది. ఐడిల్‌లో పక్కనుంచి చూస్తే ఊగడం కనిపిస్తుంది.

జనరల్ మోటార్స్ పాత బండ్లలో వచ్చే సాగినా రకం పంపుల్లో పుల్లీ షాఫ్టు మీద గట్టిగా నొక్కి ఎక్కించి ఉంటుంది. తీయడానికి, ఎక్కించడానికి వేర్వేరు పుల్లర్లు ఉంటాయి. గూటంతో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ లోపలి భాగాలకు తగులుతుంది. పుల్లీ హబ్ ముఖం షాఫ్టు కొనతో సమానం అయ్యేదాకా ఎక్కించాలి.

కొనేటప్పుడు

చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపుల్లో కొత్త బెల్ట్ సులభంగా దొరుకుతుంది. పాత పుల్లీ, బ్రాకెట్ లాంటివి కావాలంటే పుదుపేట. బెల్ట్ విషయంలో తికమక సైజు దగ్గరే. "ఏ 38" అంటే 13 మి.మీ. వెడల్పు, లోపలి పొడవు 38 అంగుళాలు. "ఏవీఎక్స్ 13" వెనక ఉండే అంకె బయటి పొడవు, అదీ మిల్లీమీటర్లలో. 8 మి.మీ. మందం బెల్ట్‌కు లోపలి, బయటి కొలతల మధ్య సుమారు 50 మి.మీ. తేడా ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి చెబితే బెల్ట్ ఎక్కదు, లేదా బ్రాకెట్ గాడి చివరికొచ్చినా బిగియదు.

మోటారుకో పిండి మిషనుకో వాడే బట్ట చుట్టిన బెల్ట్ చవకే గానీ బానెట్ కింద పనికిరాదు. చిన్న పుల్లీ మీద వంగడానికి దాని కట్టుబడి సరిపోదు. పక్కలు కోసి ఉండి, లోపలి వైపు పళ్లున్న ఆటోమొబైల్ బెల్ట్ అడగండి. పాత బెల్ట్ సాగి ఉంటుంది కాబట్టి దాని కొలత నమ్మకండి. పంపును ఇంజిన్ వైపు జరిపి, బ్రాకెట్ గాడి మొదటి మూడో వంతులో పెట్టి, పుల్లీల చుట్టూ గాడిలో సన్న తాడు చుట్టి కొలవండి. తర్వాత బిగించడానికి చోటు మిగులుతుంది.

బిగించడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పంపుకు కింద ఒక ఇరుసు బోల్టు, పైన బ్రాకెట్ గాడిలో ఒకటో రెండో బోల్టులు ఉంటాయి. అమెరికన్ బండ్లలో ఇవి తరచుగా 9/16 అంగుళాల తలలు. ఆ తల 14.3 మి.మీ. ఉంటుంది, 14 స్పానర్ ఎక్కదు, 15 ఎక్కించి తిప్పితే మూలలు కొట్టుకుపోతాయి. అంగుళాల స్పానర్లు తెచ్చుకోండి. అన్ని బోల్టులూ అర చుట్టు వదులు చేయాలి. పైవి మాత్రమే వదిలి కింది బోల్టు బిగించి ఉండగా లాగితే బ్రాకెట్ చెవి పగులుతుంది.

లివర్ ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. పంపు చుట్టూ ఉండే పల్చటి రేకు డబ్బాకు ఆనించి లాగితే రేకు సొట్టపోయి లోపలి రింగు దగ్గర నూనె కారుతుంది. పంపు పోత భాగానికో, బ్రాకెట్‌లో చతురస్రపు రంధ్రం ఉంటే దానికో బలం ఇవ్వండి.

రెండు పుల్లీల మధ్య సగంలో బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కండి. పుల్లీ కేంద్రాల మధ్య దూరం 180 నుంచి 280 మి.మీ. ఉంటే 6 మి.మీ. దిగాలి, 300 నుంచి 400 మి.మీ. ఉంటే 12 మి.మీ. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే తీసుకోండి. 10 కిలోలంటే ఎంతో తెలియకపోతే ఇంట్లో బరువు చూసే మిషన్ మీద ఒకసారి బొటనవేలు నొక్కి చూసుకోండి. చాలామంది నాలుగైదు కిలోలే నొక్కి అంతే దిగాలనుకుంటారు, దాంతో బెల్ట్ వదులుగా మిగిలిపోతుంది. 3/8 అంగుళం, లేదా 10 మి.మీ. బోల్టులకు 40 న్యూటన్ మీటర్ల దాకా చాలు. బిగించాక మళ్లీ నొక్కి చూడండి, బోల్టు బిగుస్తున్నప్పుడు పంపు కాస్త జరుగుతుంది.

కొత్త బెల్ట్ గాడిలో కుదురుకునేటప్పుడు బిగువు కోల్పోతుంది. పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, చల్లారాక మళ్లీ కొలవండి. 200, 300 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి. బిగింపు నిజంగా అవసరమైన సందర్భం ఇదే, చాలామంది మర్చిపోయేదీ ఇదే.

నూనె కారి ఉంటే, గొట్టం విప్పి ఉంటే లోపల గాలి ఉంటుంది. డబ్బా నింపి, ముందు చక్రాలు జాకీ మీద లేపి స్టాండులు పెట్టి, ఇంజిన్ ఆపి ఉండగానే స్టీరింగ్‌ను ఇటు చివర నుంచి అటు చివరకు 15, 20 సార్లు నెమ్మదిగా తిప్పండి. మధ్యమధ్య నూనె పోస్తూ ఉండాలి. తర్వాత స్టార్ట్ చేసి, చివరలు తగలకుండా అటూ ఇటూ తిప్పండి. నూనె నురగ కట్టి పాలలా కనిపిస్తే ఆపి అరగంట, గంట వదిలేయండి. ఏ నూనె అన్నది మాన్యువల్ చెబుతుంది, పాత ఫోర్డ్‌లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె) టైప్ ఎఫ్ మామూలు. పొరపాటున బ్రేక్ నూనె పోస్తే సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పుల్లీ కొత్తదై, లైను కుదిరి, బిగువు కొలతలో ఉండి కూడా చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడే అరుస్తుంటే, రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుని ఒత్తిడి హద్దు దాటుతోందేమో చూడాలి. దానికి పంపుకు, స్టీరింగ్ బాక్సుకు మధ్య గేజ్ పెట్టి కొలిచే షెడ్డు కావాలి. ఆ పరీక్షలో కూడా చివర 5 సెకన్లకు మించి పట్టుకోకూడదు, నూనె త్వరగా బాగా వేడెక్కిపోతుంది. ఒత్తిడి హద్దులోనే ఉంటే పంపు మార్చొద్దని చెప్పండి. స్టీరింగ్ చివర తగలగానే వేలెడంత వెనక్కి వదిలితే రిలీఫ్ వాల్వ్ మూసుకుంటుంది, బెల్ట్ మీద భారం దిగిపోతుంది.